దీవుల బావులలో లోతు ఒక్కటే కొలిస్తే చాలదు

అండమాన్ నికోబార్ దీవులలో ఏటా సుమారు మూడు వేల మిల్లీమీటర్ల వర్షం కురుస్తుంది. అనంతపురం ప్రాంతంలో పడేది అందులో దాదాపు ఐదో వంతు. అయినా మార్చి, ఏప్రిల్ నెలలు వచ్చేసరికి శ్రీ విజయపురంలో, అంటే నిన్నమొన్నటి పోర్ట్ బ్లెయిర్‌లో, కుళాయి నీటికి వంతులు వేయక తప్పడం లేదు. మరోవైపు కేంద్ర భూగర్భ జల మండలి అంచనాలలో ఈ దీవులు దాదాపు అన్నీ ‘సురక్షిత’ విభాగంలోనే ఉన్నాయి. ఏటా భూగర్భంలో లభ్యమయ్యే నీటిలో వాడకం ఐదు శాతం లోపే. లెక్కల్లో నిండుకుండ, వేసవిలో ఖాళీ బిందె. ఈ తేడా ఎక్కడ వస్తున్నదో తెలియాలంటే బావుల్లో నీటిమట్టాన్ని ఏడాది పొడవునా సెన్సార్లతో గమనించాలి. అయితే ప్రధాన భూభాగంలో అనుసరిస్తున్న పద్ధతినే యథాతథంగా ఇక్కడికి తెస్తే ప్రయోజనం అంతంతమాత్రమే.

వాన ఎంత పడినా నీరు నిలిచే చోటు తక్కువ కావడం మొదటి కారణం. దక్షిణ అండమాన్‌లో అధికభాగం సముద్రపు అడుగున పేరుకున్న ఇసుకరాయి, మట్టిరాయి పొరలు. వాటిలో నీరు ఇంకేది కొద్ది, వాలు వెంట కడలిలో కలిసేదే ఎక్కువ. షహీద్ ద్వీప్, కార్ నికోబార్ వంటి చోట్ల పగడపు సున్నపురాయి ఉంది. అది నీటిని ఇట్టే పీల్చుకుంటుంది, కానీ దాని అడుగున ఉన్నది సముద్రం. ఈశాన్య రుతుపవనాలు వెనుదిరిగాక మే నెలలో నైరుతి పలకరించే వరకు రాజధానికి ధనికారి జలాశయం, గ్రామాలకు ఊటలు, ఒరల బావులే ఆధారం.

చిన్న దీవి కింద మంచినీరు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. మంచినీరు కాస్త తేలిక కనుక, సముద్రమట్టానికి పైన ఒక మీటరు మంచినీరు నిలిస్తే దిగువన దాదాపు 40 మీటర్ల వరకు అదే నీరు ఉంటుందని జలశాస్త్ర సూత్రం. దీని అర్థం తిరగేసి చూస్తే తెలుస్తుంది. బావిలో మట్టం పది సెంటీమీటర్లు తగ్గితే, కాలక్రమంలో అడుగునున్న ఉప్పునీరు నాలుగు మీటర్లు పైకి జరగవచ్చు. మెట్ట ప్రాంతపు రైతు పది సెంటీమీటర్లను లెక్కలోకే తీసుకోడు. ఇక్కడ మాత్రం అది హెచ్చరిక.

చిరకాలంగా పరిశీలక బావులను ఏడాదికి నాలుగుసార్లు, జనవరిలో, రుతుపవనాలకు ముందు, ఆగస్టులో, నవంబరులో, టేపు దించి కొలుస్తున్నారు. 2016లో ప్రారంభమైన జాతీయ జలవిజ్ఞాన పథకం కింద దేశంలో అనేక చోట్ల డిజిటల్ నీటిమట్ట నమోదు పరికరాలు వచ్చాయి. నీటిలో వేలాడే ఈ గొట్టం తన పైనున్న నీటి ఒత్తిడిని గ్రహించి మట్టాన్ని లెక్కగడుతుంది, సాధారణంగా ఆరు గంటలకొకసారి ఫోన్ సంకేతం ద్వారా పంపుతుంది. కదిరిలోనో జనగామలోనో ఇది చాలినంత. తీరానికి దగ్గరగా ఉన్న దీవి బావిలో నీరు సముద్రపు ఆటుపోట్లతో పాటే లేస్తుంది, దిగుతుంది. పోటు వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది. గడియారం ప్రకారం రోజుకు నాలుగుసార్లు తీసిన కొలతల్లో, వాన పడకపోయినా, పక్షం రోజుల పాటు నీరు పెరిగి తగ్గినట్లు కనిపించే అవకాశం ఉంది. గంటకొకసారి కొలిస్తే ఈ చిక్కు ఉండదు. బ్యాటరీ త్వరగా అయిపోతుందన్న అభ్యంతరం ఉన్నదే, అయినా ఆ ఖర్చు భరించదగినదే.

అంతకన్నా ముఖ్యమైనది లవణీయత. విద్యుత్ వాహకతను కూడా కొలిచే సెన్సార్‌కు మంచినీటికీ ఉప్పునీటికీ తేడా తెలుస్తుంది. సముద్రపు నీటి వాహకత సెంటీమీటరుకు దాదాపు 50 వేల మైక్రోసీమెన్స్, మంచి బావి నీటిది కొన్ని వందలు. ఉప్పునీరు చొరబడిన బావిలో మట్టం ఏమాత్రం తగ్గకపోవచ్చు. లోతు ఒక్కటే చూసే పరికరం ఆ బావికి ‘సురక్షితం’ అనే ముద్ర వేస్తుంది.

2004 డిసెంబరు 26 నాటి భూకంపం మరో సంగతి బయటపెట్టింది. దక్షిణ అండమాన్‌లో నేల సుమారు మీటరు కుంగింది, ఉత్తర అండమాన్‌లో తీరం పైకి లేచింది. తీరప్రాంతపు బావులు ఎన్నో ఉప్పుబారాయి. నేలే కదిలేచోట ‘భూమట్టానికి ఇన్ని మీటర్ల దిగువన’ అన్న కొలతకు నిలకడ లేదు. ప్రతి బావినీ సముద్రమట్టంతో ముడిపెట్టి కొలవాలి.

గ్రేట్ నికోబార్‌లో తలపెట్టిన భారీ ప్రాజెక్టుకు 2022 నవంబరులో పర్యావరణ అనుమతి లభించింది. 2011 జనగణన నాటికి ఎనిమిది వేల మంది ఉన్న దీవికి లక్షల జనాభా రానున్నదన్నది ప్రణాళిక. నిర్మాణానికి ముందు కొన్నేళ్ల రుతువారీ కొలతలు చేతిలో లేకుంటే, రేపు ఏ మార్పునైనా దేనితో పోల్చాలన్న వివాదం తప్పదు. సమాచారం పంపడానికి సాంకేతిక అడ్డంకి పెద్దగా లేదు. చెన్నై నుంచి సుమారు 2,300 కిలోమీటర్ల సముద్రగర్భ కేబుల్ 2020 ఆగస్టులోనే ఈ దీవులను కలిపింది.

ఇక ఈ అంకెలను ఎవరు చదవాలి? ఆంధ్రప్రదేశ్‌లో టెలిమెట్రీ అమర్చిన పీజోమీటర్లు వెయ్యికి పైగా ఉన్నాయి. వాటికన్నా ముందే, ఉమ్మడి రాష్ట్రంలోని ఏడు కరవు జిల్లాల్లో, ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో, రైతులే తమ బావులు కొలుచుకుని రబీకి ముందు నీటి పద్దు వేసుకున్న అనుభవమూ ఉంది. మొదటిది అధికారుల తెరపైకి వెళ్తుంది, రెండవది ఊరి గోడపైకి వెళ్లింది. దీవులకు రెండవదే ఎక్కువ పనికివస్తుంది. ఫిబ్రవరిలో షహీద్ ద్వీప్ కూరగాయల రైతుకు కావలసింది వార్షిక నివేదిక కాదు. తన బావి వాహకత ఈ వారం పెరిగిందా అన్న కబురు పంచాయతీ పలకపై కనిపిస్తే, ఒకే మోటారును గంటల తరబడి నడపడం మాని, నాలుగు బావుల నుంచి కొద్దికొద్దిగా తోడుకోవడానికి ఇంకా సమయం మిగిలి ఉంటుంది.