డబ్బు వీసీఆర్ మీద పెట్టండి

మనలో చాలామంది ఇళ్లలో బీరువా పైనో, అటక మీదో ఒక అట్టపెట్టె ఉంటుంది. అందులో అమ్మానాన్నల పెళ్లి క్యాసెట్, అక్క ఓణీల ఫంక్షన్ క్యాసెట్. ‘ఎప్పుడో సీడీ చేయించాలి’ అని ఏళ్లుగా అనుకుంటూ ఉంటారు. ‘కంప్యూటర్సే కదా చదువుతున్నావ్, నువ్వే చెయ్యి’ అంటూ చివరికి ఆ పని మన మీదకే వస్తుంది.

వెంటనే మనం చేసేది ఆన్‌లైన్‌లో క్యాప్చర్ కార్డ్ వెతకడం. అక్కడే దారి తప్పుతున్నాం అని నా అభిప్రాయం. టేపుని చదివేది వీసీఆర్. అది చదవలేనిది కార్డ్‌కి అందదు, కార్డ్‌కి అందనిదాన్ని ఏ సాఫ్ట్‌వేరూ తీసుకురాలేదు. అందుకే ఉన్న డబ్బులో ఎక్కువ భాగం వీసీఆర్‌కే పోవాలి.

పైగా కొత్త వీసీఆర్ దొరకదు. 1976లో జేవీసీ తెచ్చిన వీహెచ్ఎస్‌కి చివరిదాకా మెషీన్లు చేసిన జపాన్ కంపెనీ ఫునాయ్, 2016లో తయారీ ఆపేసింది. ఇప్పుడున్నవన్నీ పాతవే, రిపేర్ తెలిసినవాళ్లూ తగ్గిపోతున్నారు. సెకండ్ హ్యాండ్‌లో కొనేటప్పుడు పోయినా పర్లేదనుకునే క్యాసెట్ ఒకటి తీసుకెళ్లి కాసేపు ఆడించి చూడండి. టేపు నలుగుతోందా, బొమ్మ నిలకడగా ఉందా, హెడ్ శుభ్రంగా ఉందా గమనించండి. ఎస్-వీడియో సాకెట్ ఉంటే ఇంకా మంచిది, వెలుగునీ రంగునీ కలిపేయకుండా విడిగా పంపిస్తుంది. మన క్యాసెట్లు పాల్ పద్ధతివి, కాబట్టి మెషీన్ కూడా పాల్ ఆడించేదై ఉండాలి.

క్యాసెట్ కిటికీలోంచి తెల్లటి బూజు కనిపిస్తే మాత్రం వీసీఆర్‌లో పెట్టొద్దు. ఆ బూజు హెడ్‌కి అంటుకుని తర్వాతి క్యాసెట్‌కీ పాకుతుంది. ముందు తెలిసినవాళ్లతో శుభ్రం చేయించాలి.

పెళ్లి మండపం స్తంభాలు వంకర్లు పోతూ ఊగుతుంటే అది కెమెరామన్ తప్పు కాదు. టేపు నడకలో తేడాల వల్ల ఒక్కో గీత కాస్త ముందో వెనకో వస్తుంది. దాన్ని సరిచేసేది టైమ్ బేస్ కరెక్టర్. మన భాషలో చెప్పాలంటే ఒక బఫర్: గీతల్ని పట్టి ఉంచి, సమానమైన వ్యవధిలో వదులుతుంది. విడిగా కొంటే ఖరీదెక్కువ. కొన్ని వీసీఆర్లలో లోపలే ఉంటుంది, కొన్ని పాత డీవీడీ రికార్డర్ల గుండా సిగ్నల్ పంపినా చాలావరకు కుదురుతుంది.

ఇక కార్డ్. 720 బై 576, సెకనుకి 25 ఫ్రేములు తీసుకుంటూ, ఫ్రేములు వదిలేయకుండా ఉంటే చాలు. నేరుగా డిస్క్‌కి రాయొద్దు. 4.7 జీబీ డీవీడీలో పట్టాలంటే బాగా కుదించాలి, ఒకసారి పోయిన వివరం మళ్లీ రాదు. ముందు హార్డ్ డిస్క్‌లో పెద్ద ఫైల్‌గా దాచి, ఇంట్లోవాళ్లు చూడ్డానికి దాన్నుంచి డీవీడీ చెయ్యండి. ఏఐతో ముఖాలు మెరుగు పెట్టాలనిపిస్తే అది కాపీ మీదే. మెషీన్ ఊహించి గీసిన ముఖం తాతయ్యది కాదు.

ఒకటో రెండో క్యాసెట్లయితే ఇదంతా దండగ, స్టూడియోకి ఇచ్చేయడమే తెలివైన పని. కానీ డిస్క్‌తోపాటు ఫైల్ కూడా అడగండి, క్యాసెట్ వెనక్కి తెచ్చుకోండి.

ఇంట్లోనే చేస్తే ఒక ఇబ్బంది ఉంది: మూడు గంటల క్యాసెట్‌కి మూడు గంటలూ పడుతుంది, ఫాస్ట్ ఫార్వర్డ్ లేదు. నాకైతే ఈ పని మొత్తంలో విలువైనది ఆ మూడు గంటలే. నానమ్మనో అమ్మమ్మనో పక్కన కూర్చోబెట్టుకోండి. బంతి భోజనాల్లో ఆ చివర కూర్చున్నదెవరు, తలంబ్రాల పళ్లెం పట్టుకున్న పాప ఎవరి కూతురు అని అడిగి, నిమిషంతో సహా రాసుకోండి. వీసీఆర్ ఇంకో పదేళ్ల తర్వాత కూడా ఎక్కడో ఒకటి దొరకొచ్చు. ఆ పేర్లు చెప్పేవాళ్లు దొరకరు. వచ్చే సెలవుల్లోనే మొదలుపెట్టండి.