ఉడికిన చేప, ఉడకని చేప

సెలవులో ఊరెళ్ళి కొల్లేటి కొర్రమీను కోయిస్తే పురుగులు కనబడ్డాయని రువైస్ మిత్రులొకరు చేపలే మానేశారు. మానవలసింది చేపను కాదు, పచ్చిగా తినడాన్ని. భయపడవలసిన పురుగు నాథోస్టోమా. పిల్లుల, కుక్కల జీర్ణాశయంలో పెరిగి, గుడ్లుగా నీటిలో చేరి, సైక్లాప్స్ ద్వారా చేప కండలోకి వస్తుంది. అటువంటి పచ్చి చేప తిన్నవారికి చర్మం కింద చోటు మారే వాపులు వస్తాయి. అరుదుగా కన్నూ మెదడూ దెబ్బతింటాయి. థాయ్‌లాండ్ వైద్యులకిది పాత పరిచయమే. లోపలిదాకా 63 డిగ్రీలు దాటి ఉడికితే ఆ లార్వా బతకదు. మన పులుసు అంతకు మించే మరుగుతుంది కదా!

నా సందేహమల్లా మృగశిర కార్తెకు హైదరాబాదులో ఉబ్బసరోగులు సజీవంగా మింగే కొర్రమీను పిల్లపైనే. పెంపకపు చెరువుదే కావచ్చు. ఆ నీటిలోనూ సైక్లాప్స్ ఉంటాయి, గట్టున పిల్లులూ తిరుగుతాయి. మందుపై వాదులాట నాకక్కరలేదు. పంచబోయే చేపపిల్లల్లో కొన్నింటినైనా ముందుగా కోసి, సూక్ష్మదర్శిని కింద చూడమని మాత్రం వాటిని సమకూర్చే మత్స్యశాఖను అడుగుతాను.