ఎవరి వెనక ఆగుదాం?

సిగ్నల్ పడితే బండి ఆపే ముందు మనందరం ఓ చిన్న లెక్క వేసుకుంటాం. ఎడమ పక్క ఇసుక టిప్పరు, కుడి పక్క పాత డీజిల్ ఆటో, మధ్యలో సిటీ బస్సు. దేని వెనక నిలబడాలి? ఆగేది నిమిషమో, నిమిషమున్నరో. ఆ కాసేపూ ఎవరి పొగగొట్టం ముందు మన ముఖం పెట్టాలన్నది చిన్న ప్రశ్నేం కాదు. బెంజి సర్కిల్ దగ్గరైనా, పంజాగుట్టలోనైనా స్కూటరు మీద తిరిగేవాళ్లకి ఈ లెక్క ఒకరు నేర్పక్కర్లేదు.

ఈ మధ్య అందులోకి కొత్తగా ఒకటి వచ్చి చేరింది. ఆకుపచ్చ నంబరు ప్లేటు. అది కనిపిస్తే చాలు, హ్యాండిల్ దానంతటదే అటు తిరుగుతుంది. బ్యాటరీ బండి వెనక చోటు దొరికితే రైల్లో కిటికీ పక్క సీటు దొరికినంత సంబరం.

ఆలోచిస్తే చిత్రంగానే ఉంటుంది. ఆ బండి కొన్నది ఎవరో. నెలనెలా వాయిదాలు కట్టుకునేది ఎవరో. దాని వల్ల ముందుగా సుఖపడింది మాత్రం వెనక నిలబడ్డ మనం. పొగ సంగతీ ఇంతే, కాకపోతే తిరగేసి. ఏ బండీ తన పొగ తాను పీల్చదు. నడిపేవాడు ముందుకి వెళ్లిపోతాడు, దగ్గు వెనకవాడికి మిగులుతుంది.

ఆ వెనకవాళ్లలో మనం ఇంకా నయం. పచ్చ లైటు పడగానే కదిలిపోతాం. కూడలి మధ్యలో చెయ్యెత్తి నిలబడే ట్రాఫిక్ కానిస్టేబులుకీ, ఫ్లైఓవరు కింద మల్లెపూలు మూరలు వేసే ఆమెకీ, సాయంత్రం పూట మిరపకాయ బజ్జీల బండి పెట్టుకునే అతనికీ ఆ లైటు ఎప్పటికీ పచ్చగా మారదు. రోజంతా అందరి వెనకా వాళ్లే ఉంటారు.

అలాగని పొగ మీద మా తరానికి కోపం ఎప్పుడూ లేదు. ఊళ్లోకి ఎర్రబస్సు వస్తే దాని వెనక పరిగెత్తినవాళ్లం. ఆ దుమ్మూ, డీజిలు వాసనా కలిసి ముక్కుకి తగిలితే పట్నమే ఊళ్లోకి వచ్చినట్టుండేది. పెట్రోలు బంకు దగ్గర ఆగితే గట్టిగా ఊపిరి పీల్చి, ఆ వాసన కాసేపు లోపలే దాచుకున్న పిల్లలు ఎంతమందో. పెద్దలు కూడా వద్దనేవారు కాదు. వాళ్లకీ ఆ వాసన ఇష్టమేనని ఇప్పుడు అనుమానం.

ఇంటింటికీ ఒక స్కూటరు ఉన్న రోజులు గుర్తున్నాయా? బజాజ్ చేతక్. పొద్దున్నే అది స్టార్టు కాకపోతే దాన్ని ఓ పక్కకి వంచి, కాసేపాగి, మళ్లీ కిక్కు కొట్టాలి. అప్పటికీ మాట వినకపోతే ప్లగ్గు విప్పి గరుకు కాగితంతో రుద్దాలి. బంకులో పెట్రోలుతో పాటు కొలత ప్రకారం టూటీ ఆయిలు కూడా పోయించుకోవాలి. పోశాక రెండూ కలిసేలా బండిని అటూ ఇటూ ఊపాలి. ఇవన్నీ చేశాక అది దడదడమంటూ లేచి, నీలంగా ఓ మబ్బు వదిలి వీధి మలుపు తిరిగేది. సాయంత్రం నాలుగిళ్ల అవతల ఉండగానే ఆ చప్పుడు విని అమ్మ పొయ్యి మీద కాఫీకి నీళ్లు పెట్టేది.

ఆ నీలం మబ్బు ఏమిటో చాలా కాలం తర్వాత గానీ తెలియలేదు. టూస్ట్రోకు ఇంజన్లో పెట్రోలుతో పాటు ఆయిలూ కాలుతుంది. పైగా పోసిన పెట్రోలులో కొంత అసలు కాలకుండానే గొట్టంలోంచి బయటికి పోతుంది. చిల్లర లెక్కపెట్టి పోయించుకున్న పెట్రోలులో కొంత వాటా వీధికి పంచుతూ పోయామన్నమాట. ఇక మనం అంత ఇష్టంగా పీల్చిన పెట్రోలులో అప్పట్లో సీసం కలిపేవారు, ఇంజను కొట్టుకోకుండా. అది పసిపిల్లల మెదడుకి మంచిది కాదు. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతా సీసం లేని పెట్రోలే వచ్చింది. ఆ రోజు ఏ ఇంట్లోనూ పాయసం వండలేదు. సీసం పోయిందన్న సంగతే చాలామందికి తెలియదు.

గాలికి జరిగిన మేళ్లు చాలావరకు ఇలా చప్పుడు లేకుండా జరిగినవే. 2020 ఏప్రిల్ 1న దేశంలో బంకులన్నిటికీ బీఎస్-6 పెట్రోలు, డీజిలు వచ్చాయి. పది లక్షల వంతుల్లో 50 వంతులుండే గంధకం 10కి దిగింది. పోయించుకోవడానికి ఎవరున్నారు గనక! లాక్‌డౌన్‌లో అందరం ఇళ్లలో ఉన్నాం. ఆ నెలలోనే జలంధర్‌లో జనం మేడలెక్కి, దూరంగా మంచు కప్పుకున్న ధౌలాధార్ కొండలని చూసి ఫొటోలు తీసుకున్నారు. ఏళ్ల తరబడి ఆ కొండలు అక్కడే ఉన్నాయి, ఊరికే కనిపించలేదంతే.

పొగ రాక ముందటి రోజులే మేలని కొందరు నిట్టూరుస్తారు. జట్కాలూ రిక్షాలూ తిరిగిన బెజవాడని తలుచుకుంటే ఎవరికైనా మనసు మెత్తబడుతుంది. టాపు మీద సినిమా తారల బొమ్మలు, హ్యాండిల్‌కి కుచ్చులు, గణగణమని గంట. పొగ చుక్క లేదు. కానీ కాలవ మీద వంతెన ఎక్కేచోట ఏం జరిగేదో కూడా గుర్తు చేసుకోవాలి. రిక్షా అతను సీటు దిగేవాడు. ఒక చేత్తో హ్యాండిలూ, ఇంకో చేత్తో సీటూ పట్టుకుని ముందుకి వంగి లాగేవాడు. మెడ మీద నరాలు తేలేవి. ఎక్కి కూర్చున్నవాళ్లలో కొందరు దిగి నడిచేవారు, కొందరు దిగేవారు కాదు. అది కూడా ఊపిరితో నడిచిన బండే. అప్పుడు ఖర్చయింది ముందున్నవాడి ఊపిరి, పొగ వచ్చాక వెనకున్నవాడిది.

తిరుమల దారి చూస్తే ఈ కథంతా ఒక్క కొండ మీదే కనిపిస్తుంది. 1944లో మొదటి ఘాట్ రోడ్డు పడక ముందు, మెట్లెక్కలేని ముసలివాళ్లూ జబ్బు మనుషులూ డోలీల్లో వెళ్లేవారు. స్వామి దర్శనం వాళ్లది, ఆయాసం మోసేవాళ్లది. తర్వాత బస్సులొచ్చాయి. సప్తగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కినవాళ్లకి ఆ ప్రయాణం ముక్కుతో గుర్తుంటుంది. చిన్న గేర్లో మూలుగుతూ ఎక్కే ఇంజను, మలుపు మలుపుకీ కిటికీలోంచి లోపలికొచ్చే డీజిలు వాసన, కడుపులో తిప్పి నిమ్మకాయ ముక్కు దగ్గర పెట్టుకున్న ఆడవాళ్లు, అమ్మ ఒళ్లో వాలిపోయిన పిల్లలు. దిగేటప్పుడు ఇంకో వాసన, వేడెక్కిన బ్రేకులది.

2022లో బ్రహ్మోత్సవాల సమయానికి ఆ దారిలో ఏపీఎస్‌ఆర్‌టీసీ బ్యాటరీ బస్సులు మొదలయ్యాయి. అడవిలో బస్సు వెళుతుంటే పిట్ట కూత వినిపించడం మొదటిసారి ఎక్కినవాళ్లకి వింతగానే ఉంటుంది. అంతకంటే వింత దిగేటప్పుడు. కొండ దిగుతున్న బస్సుని ఆపడానికి డ్రైవరు పూర్తిగా బ్రేకుల మీదే ఆధారపడక్కర్లేదు. మోటారే జనరేటరుగా మారి, ఆ జోరుని కరెంటు చేసి బ్యాటరీలోకి తిరిగి పంపుతుంది. ఎక్కడానికి అయిన ఖర్చంతా రాదు గానీ కొంత వస్తుంది. బ్రేకులు అంతగా వేడెక్కవు. కొండ ఎక్కినప్పటి కష్టం దిగేటప్పుడు కాస్తయినా చేతికి రావడం, అంతకు ముందు డోలీ మోసినవాడికీ లేదు, డీజిలు ఇంజనుకీ లేదు.

ఊళ్లో బ్యాటరీ ఆటో నడిపేవాళ్లని కదిలిస్తే పర్యావరణం మాట ఎత్తరు. ముందు డబ్బు లెక్క చెబుతారు. పెట్రోలుకి పోయేదెంత, కరెంటుకి పోయేదెంత అని. తర్వాత ఇంకొంచెంసేపు మాట్లాడితే ఒంటి సంగతి వస్తుంది. ఇంజను అదురు లేదు, సాయంత్రానికి నడుము పట్టేయడం తగ్గింది, చెవుల్లో హోరు లేదు. దూరం బేరం వస్తే మాత్రం వాళ్ల కళ్లు చార్జింగు గీత మీదికి పోతాయి. తిరిగి ఇంటికి చేరతామా లేదా అన్న బెంగ. అద్దె గదిలో ఉండేవాళ్లకి మరో బెంగ, ఇంటి ఓనరు మీటరు గురించి.

ఏ కాలనీలోనైనా రాత్రి నడిచి చూడండి. రెండో అంతస్తు బాల్కనీలోంచి ఒక వైరు గోడ వెంట కిందికి దిగి, వీధిలో ఉన్న స్కూటరుకి తగిలించి ఉంటుంది. వాన చినుకు పడితే పైనుంచి ఎవరో ఒకరు గబగబా దాన్ని లాగేస్తారు. ఇంకో ఇంట్లో కుర్రాడు బ్యాటరీనే విప్పి చేత్తో పట్టుకుని మెట్లెక్కుతుంటాడు. ఒకప్పుడు స్కూటరు వంచి కిక్కు కొట్టిన నాన్నలాగే ఇతనికీ బండితో రోజూ ఒక తతంగం ఉంది. నిజానికి 2020లో చేతక్ కూడా బ్యాటరీ బండిగా తిరిగొచ్చింది. వంచక్కర్లేదు, కిక్కు లేదు, నీలం మబ్బు లేదు. పేరు విని ముచ్చటపడి చుట్టూ తిరిగి చూసే నడివయసువాళ్లు ముందుగా కిక్కు రాడ్డు కోసమే వెతుకుతారు.

ఇల్లు అలకగానే పండగ కాదంటారు. ఆ బాల్కనీ వైరు గోడ దగ్గర ఆగిపోదు. దాని వెంట పోతే రామగుండం వస్తుంది, కొత్తగూడెం వస్తుంది, ఇబ్రహీంపట్నం వస్తుంది. రామగుండంలో ఒక్క ఎన్టీపీసీ కేంద్రమే 2,600 మెగావాట్లు. సింగరేణి బొగ్గు అక్కడ కాలితేనే ఇక్కడ స్కూటరు బ్యాటరీ రాత్రి నిండుతుంది. మన వీధిలో గొట్టం పోయిందంటే అది వేరే ఊళ్లో, ఆకాశమంత ఎత్తున లేచి ఉందన్నమాట. ఆ చుట్టుపక్కల పల్లెల్లో ఆరేసిన బట్టల మీద సన్నటి బూడిద దులుపుకునేవాళ్లు మన వెనకే నిలబడ్డారు. మనకి కనిపించనంత దూరంలో, అంతే.

అయినా ఈ మార్పు బొత్తిగా వృథా కాదు. పెట్రోలు ఇంజను తాగిన దానిలో పావు వంతుకి అటూ ఇటూగా చక్రానికి ఇస్తుంది, తక్కిందంతా వేడిగా పోతుంది. ఈ మాట నమ్మనివాళ్లు పాత బస్సుల్లో డ్రైవరు పక్కన ఇంజను మూత మీద కూర్చుని మే నెలలో ప్రయాణం చేసినవాళ్లని అడగాలి. కరెంటు మోటారు అంత దుబారా చెయ్యదు. ఆ కరెంటులో బొగ్గు వాటా తగ్గి ఎండ వాటా పెరిగిన కొద్దీ, కర్నూలు జిల్లా రాళ్ల నేలల మీద పరిచిన పలకల్లాంటివి పెరిగిన కొద్దీ, రామగుండం పక్క పల్లెలకి కూడా కాస్త తెరిపి. టైర్ల అరుగుడు, రోడ్డు దుమ్ము మాత్రం ఏ ప్లేటు పెట్టినా ఉంటాయి.

చప్పుడు లేకపోవడం అందరికీ నచ్చడం లేదన్నది ఇంకో సంగతి. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ ఒడ్డున కరెంటు కార్ల రేసు జరిగింది. రేసంటే గుండెలదిరే మోత అనుకుని వెళ్లినవాళ్లకి సన్నటి ఈల వినిపించింది. ఇదేం రేసని పెదవి విరిచినవాళ్లూ లేకపోలేదు. ఇళ్ల మధ్య సందుల్లో పెద్దవాళ్ల ఫిర్యాదు వేరు. వెనకనించి ఏదో వస్తోందని చెవి చెప్పేది, ఇప్పుడు చెప్పడం లేదు. పాలప్యాకెట్టుకి వెళ్లొచ్చే తాతగారు రెండడుగులకోసారి మెడ తిప్పి చూసుకుంటున్నారు. బండి గొంతు తగ్గాక, చూసుకుని మెల్లగా పోవడం నడిపేవాళ్ల వంతయింది.

చప్పుడు మీద బతికినవాళ్లు ఇంకా ఉన్నారు. విజయవాడ ఆటోనగర్‌లోకి వెళితే, బండి గేటు దాటి లోపలికి రాకముందే జబ్బు చెప్పేసే మెకానిక్కులు కనిపిస్తారు. టాపెట్లా, బేరింగా, ప్లగ్గా అన్నది చెవితోనే. గ్రీజు నల్లగా ఇంకిపోయిన ఆ వేళ్ల వెనక రెండు మూడు తరాల తిండి ఉంది, పిల్లల చదువులున్నాయి. ఎన్నో ఏళ్లు పొగకి అందరికంటే దగ్గరగా నిలబడిందీ వాళ్లే, ఇప్పుడు పొగ పోతే అందరికంటే ముందు బెంగపడాల్సిందీ వాళ్లే. కుర్రవాళ్లు కొందరు వైరింగు నేర్చుకుంటున్నారు. చేతిలో మీటరు పట్టుకుని, ఫోనులో వీడియో చూసుకుంటూ.

తెలిసిన ఓ పెద్ద మెకానిక్కు షెడ్డుకి మొన్న బ్యాటరీ స్కూటరు ఒకటి వచ్చింది. అలవాటు కొద్దీ ఆయన తల ఓ పక్కకి వంచి విన్నాడట. ఏమీ వినపడలేదు. ఏమిటి బాబూ కంప్లయింటు అని అడగాల్సి వచ్చింది. వెనక బ్రేకు పట్టేస్తోందని చెప్పాడు కుర్రాడు. బ్రేకు బ్రేకే కదా అని చక్రం విప్పి, లైనర్లు మార్చి, ఓ రౌండు తిప్పి చూసి పంపించాడు. మోటారు గురించి కుర్రాడు ఏదో అడగబోతే, అది మా అబ్బాయినడుగు, టీకి వెళ్లాడు వచ్చేస్తాడు అన్నాడట.