దుబాసీ పేరెక్కడ?

‘క్లాసెస్ ఆఫ్ లేబర్’ అనే ఇంగ్లిషు పుస్తకం 2020లో వచ్చింది. సుమారు 700 పేజీలు. భిలాయ్ ఉక్కు కార్మికుల పని, జీతం, పెళ్లిళ్లు, తగవులు, ఆత్మహత్యల దాకా అన్నీ అందులో ఉన్నాయి. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌కు చెందిన మానవశాస్త్రవేత్త జొనాథన్ ప్యారీ 1993లో దుర్గ్ జిల్లాకు వచ్చి మొదలుపెట్టిన క్షేత్ర పరిశోధనకు అది ఫలితం. పుస్తకం చేతికి రావడానికి పాతికేళ్లు దాటింది. ఏడాదికి ఎన్ని పేపర్లని వేళ్ల మీద లెక్కపెట్టే నేటి విశ్వవిద్యాలయాల్లో ఇదొక వింతే.

అయితే ఈ వారం మాట్లాడదలచుకున్నది ఆ 700 పేజీల గురించి కంటే, వాటికి ముందున్న ఒక చిన్న పంక్తి గురించి. ముఖపత్రం మీద ప్యారీ పేరు కింద ‘అజయ్ టి.జి. సహకారంతో’ అని ఉంటుంది. అలాగని అజయ్ పూర్తి సహ రచయిత కాదు, వెనక పేజీల్లోని కృతజ్ఞతల గుంపులో కలిసిపోయిన పేరు అంతకన్నా కాదు. రెండింటికీ మధ్య ఎక్కడో ఒక మెట్టు మీద ఆ పేరు ఆగింది.

అజయ్ భిలాయ్ వాసి, డాక్యుమెంటరీలు తీస్తారు. ఏళ్ల తరబడి ప్యారీతో కలిసి బస్తీలూ ఊళ్లూ తిరిగారు. 2008 మేలో ఛత్తీస్‌గఢ్ ప్రత్యేక ప్రజా భద్రతా చట్టం కింద పోలీసులు ఆయన్ను అరెస్టు చేశారు. ఆగస్టులో బెయిలు మీద బయటికి వచ్చారు. ఆ కేసు ఈ పరిశోధన గురించి కాదు. కానీ ఒక తేడాను మాత్రం అది తేటతెల్లం చేస్తుంది. నోట్సు సర్దుకుని విమానమెక్కే వెసులుబాటు విదేశీ ప్రొఫెసర్‌కు ఎప్పుడూ ఉంటుంది. ఆయన పక్కన నడిచిన స్థానికుడు మాత్రం అదే ఊళ్లో, అదే పోలీస్ స్టేషన్ పరిధిలో ఉండిపోతాడు.

ప్యారీ పుస్తకం చెప్పే ప్రధాన విషయం ఏమిటంటే, భిలాయ్‌లో శ్రమజీవులంతా ఒక్క వర్గం కాదు. ‘నౌకరీ’ ఉన్నవాళ్లు వేరు, ‘కామ్’ చేసుకునేవాళ్లు వేరు. ఉక్కు కర్మాగారంలో పర్మనెంట్ ఉద్యోగం, క్వార్టరు, వైద్యం, పిల్లలకు బడి, పింఛను ఉంటే అది నౌకరీ. అదే గేటు లోపల, అదే కొలిమి పక్కన, కాంట్రాక్టరు కింద రోజు కూలికి చేసేది కామ్. ఇద్దరి చేతులూ ఉక్కునే ముట్టుకుంటాయి. ఒకరు మధ్యతరగతిలోకి ఎక్కిపోయారు. రెండోవారు గేటు పాసు కోసం మేస్త్రీ ముఖం చూస్తూ ఉండిపోయారు. 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరి, 1959 ఫిబ్రవరిలో రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ చేతుల మీదుగా మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభమైనప్పుడు ఇది ఎవరూ ఊహించిన చీలిక కాదు.

ఇదే కొలబద్దను పండితుల లోకానికి పెడితే? అక్కడా నౌకరీ ఉంది, కామ్ ఉంది. అట్ట మీద పేరుంటే నౌకరీ. దానితో ప్రమోషను వస్తుంది, గ్రాంటు వస్తుంది, పింఛను వస్తుంది. కృతజ్ఞతల్లో పేరుంటే కామ్. పని అయిపోయాక దండం పెట్టి పంపించేస్తారు.

దుర్గ్ నేల మీద ఈ కథ ఉక్కు కంటే పాతది. ఆర్.వి. రసెల్ పేరిట నాలుగు సంపుటాల ‘ది ట్రైబ్స్ అండ్ కాస్ట్స్ ఆఫ్ ది సెంట్రల్ ప్రావిన్సెస్ ఆఫ్ ఇండియా’ 1916లో అచ్చయింది. దుర్గ్ అప్పటికి పదేళ్ల వయసున్న జిల్లా. సత్నామీల గురించి, గోండుల గురించి నేటికీ ఎవరైనా రాయబోతే ముందు తెరిచేది ఆ సంపుటాలనే. వాటి ముఖపత్రం మీద రసెల్ పేరు కింద ‘రాయ్ బహదూర్ హీరాలాల్ సాయంతో’ అని ఉంటుంది. రసెల్ ఆ పుస్తకాన్ని అచ్చులో చూసుకోలేదు. 1915 డిసెంబరులో ఆయన ప్రయాణిస్తున్న ‘పర్షియా’ ఓడ మధ్యధరా సముద్రంలో టార్పిడో దెబ్బకు మునిగిపోయింది. సాయం చేసిన హీరాలాల్ మాత్రం సామాన్యుడు కాదు. మధ్య పరగణాల శాసనాల మీద ఆయన సొంత పేరుతో వెలువరించిన వర్ణనాత్మక జాబితా కూడా అదే 1916లో వచ్చింది. సొంతంగా రాయగల పండితుడే పక్కవారి పుస్తకంలో ‘సాయం’గా మిగిలాడన్నమాట.

అదే ప్రాంతంలో ఇంకో హీరాలాల్ ఉన్నాడు. ఇద్దర్నీ కలిపేసుకోకూడదు. ఈయన హీరాలాల్ కావ్యోపాధ్యాయ, ధమ్తరీలో బడిపంతులు. 1885లో ఛత్తీస్‌గఢీ భాషకు హిందీలో వ్యాకరణం రాశాడు. దాన్ని ఇంగ్లిషులోకి తెచ్చి 1890లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో వేయించినవాడు జార్జి గ్రియర్సన్. గ్రియర్సన్ అప్పటికే పేరున్న అధికారి, కావాలంటే ఆ వ్యాకరణాన్ని తన ఖాతాలో వేసుకున్నా అడిగేవాడు లేడు. ఆయన ఆ పని చేయలేదు. రచయిత హీరాలాల్ అనీ, తాను అనువాదకుణ్నీ సంపాదకుణ్నీ అనీ స్పష్టంగా చెప్పాడు. ఆ రోజుల్లో అలాగే జరిగేది, ఏం చేస్తాం అనే సమర్థన ఇక్కడ చెల్లదు. ఆ రోజుల్లోనే మరోలా చేసినవాడూ ఉన్నాడు. మైకల్ కొండల్లో గోండుల పాటలు సేకరించిన వెరియర్ ఎల్విన్ కూడా 1935 నాటి ‘సాంగ్స్ ఆఫ్ ది ఫారెస్ట్’ మీద తన మిత్రుడు శామ్‌రావ్ హివాలే పేరును తన పేరుతో సమానంగా నిలిపాడు.

తెలుగువారికి ఈ బాధ కొత్తదేమీ కాదు. నేటికీ మన గ్రామ చరిత్రలు రాసేవారికి కైఫీయతులే దిక్కు. ఆ కైఫీయతులున్నవి ‘మెకంజీ సేకరణ’లో. కల్నల్ కాలిన్ మెకంజీకి తెలుగు రాదు, సంస్కృతం రాదు. ఆయనకు కళ్లూ చెవులూ అయింది ఏలూరు నుంచి వచ్చిన కావలి సోదరులు. పెద్దవాడు బొర్రయ్య 1803లో చిన్న వయసులోనే పోయాడు. భారతీయ విజ్ఞాన ద్వారం దగ్గర తనకు మొదటి మెట్టు బొర్రయ్యేనని మెకంజీ తర్వాత రాసుకున్నాడు. ఉత్తరంలో మెచ్చుకోవడానికీ పేరు పెట్టడానికీ మధ్య దూరం ఎంతో ఆ తర్వాత తెలిసింది. 1821లో మెకంజీ మరణించాడు. సేకరణకు 1828లో వివరణాత్మక సూచిని ప్రకటించిన పేరు హెచ్.హెచ్. విల్సన్‌ది. పని మధ్యలో ఆగిపోయింది, నేను కొనసాగిస్తానని తమ్ముడు లక్ష్మయ్య అర్జీ పెట్టుకుంటే 1836లో కలకత్తాలో జేమ్స్ ప్రిన్సెప్ బృందం కాదంది. దేశీయులెవరికీ అంతటి పని చేసే అర్హత ఉంటుందని అనుకోలేమన్నది ఆ బృందం అభిప్రాయం. ముప్పై ఏళ్లకు పైగా ఆ పని చేస్తూ వచ్చిన కుటుంబానికి వచ్చిన జవాబిది. మరో సోదరుడు రామస్వామి ఎవరి కోసమూ ఆగలేదు. 1829లోనే దక్కన్ కవుల జీవిత చరిత్రలను తన పేరుతో ఇంగ్లిషులో అచ్చు వేయించుకున్నాడు.

కుంఫినీ కాలంలో ఇలాంటివారిని దుబాసీలనేవారు. రెండు భాషలు తెలిసినవాడని అర్థం. వ్యాపారంలో దుబాసీ కమీషన్ తీసుకునేవాడు. పాండిత్యంలో దుబాసీకి ఆ కమీషనూ లేదు.

అన్ని శాస్త్రాల్లోనూ ఒకటే పద్ధతి లేదన్నది నిజం. గణితంలో సాధారణంగా పేర్లు అక్షర క్రమంలో వేస్తారు, ఎవరు ఎక్కువ ఎవరు తక్కువ అన్న లెక్క ఉండదు. ప్రయోగశాల శాస్త్రాల్లో మొదటి పేరు పని చేసినవారిది, చివరి పేరు ల్యాబ్ యజమానిది. భౌతికశాస్త్రం మరీ దూరం వెళ్లింది. హిగ్స్ బోసాన్ ద్రవ్యరాశి మీద 2015లో సెర్న్ శాస్త్రవేత్తలు రాసిన పేపర్‌కు రచయితలు 5,154 మంది. 33 పేజీల్లో 24 పేజీలు వాళ్ల పేర్లు, సంస్థలే. నవ్వుకోవచ్చు గానీ, డిటెక్టర్‌కు వైర్లు కలిపినవాడి పేరు కూడా ఉండాలన్న పట్టుదల అందులో ఉంది. వైద్య పరిశోధన దీనికి పూర్తి విరుద్ధం. పిల్లల్లో వచ్చే రక్త క్యాన్సర్‌ను అమినోప్టెరిన్ తాత్కాలికంగానైనా వెనక్కు నెట్టిందని 1948లో సిడ్నీ ఫార్బర్ బృందం ప్రపంచానికి చెప్పింది. ఆ మందు తయారైంది లెడర్లీలో మన యల్లాప్రగడ సుబ్బారావు నేతృత్వంలో. ఆ పేపర్ రచయితల్లో సుబ్బారావు పేరు లేదు. రోగుల్ని చూసింది ఫార్బర్ బృందమే కాబట్టి అది దొంగతనమని అనలేం. కానీ లోకం గుర్తుపెట్టుకున్నది పేపర్ మీది పేర్లనే.

మరి ఇప్పుడు మన విశ్వవిద్యాలయాల్లో ఏం జరుగుతోంది? యూజీసీ 2018లో గ్రంథచౌర్య నిరోధక నిబంధనలు తెచ్చింది. 10 శాతం వరకు పోలిక ఉంటే శిక్ష లేదు. 60 శాతం దాటితే పరిశోధక విద్యార్థి రిజిస్ట్రేషనే రద్దవుతుంది. మంచిదే. కానీ సాఫ్ట్‌వేర్ పట్టుకోగలిగింది అరువు తెచ్చుకున్న వాక్యాన్ని మాత్రమే. అరువు తెచ్చుకున్న శ్రమను పట్టుకునే సాఫ్ట్‌వేర్ ఇంకా రాలేదు. ఒక్క వాక్యమైనా కాపీ చేయకుండా, సర్వే అంతా కూలికి చేయించి, అనువాదం ఊరకే చేయించుకుని, సున్నా శాతం పోలికతో డాక్టరేట్ పుచ్చుకోవచ్చు. అలాగే ఒక్క ముక్క రాయని గైడు పేరు ప్రతి పేపర్ మీదా ఉండటం చాలా విభాగాల్లో గురుదక్షిణలా చలామణీ అవుతోంది. ఏకలవ్యుడి బొటనవేలు గుర్తొస్తే తప్పు పాఠకుడిది కాదు.

శ్రమ లేకుండా పేరు కావలసినవారికి బజారు కూడా ఉంది. దాని చిరునామాల్లో ఒకటి మన హైదరాబాదే. పీర్ రివ్యూ పేరుతో పరిశోధకులను మోసగించారని, అనుమతి లేకుండానే శాస్త్రవేత్తల పేర్లు వాడుకున్నారని తేల్చి, 2019లో అమెరికా ఫెడరల్ కోర్టు ఒమిక్స్ ప్రచురణ సంస్థను 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలని ఆదేశించింది. పీహెచ్‌డీకి ముందు పేపర్ తప్పనిసరి అన్న నిబంధనను యూజీసీ 2022లో ఎత్తేసింది. ఆ ఒత్తిడి లేకపోతే కొంత గిరాకీ తగ్గుతుందేమో.

పేరు లేకపోవడం అన్నిసార్లూ అన్యాయమే అనుకోవడం కూడా తొందరపాటు. మానవశాస్త్రంలో తమతో మనసు విప్పి మాట్లాడినవారి పేర్లు మార్చి రాయడం ఆనవాయితీ. భార్య వదిలేసి వెళ్లిన సంగతి, పనికి ఎగనామం పెట్టిన సంగతి, కులం తక్కువ పిల్లను చేసుకున్న సంగతి అసలు పేరుతో అచ్చయితే ఆ మనిషి ఊళ్లో తలెత్తుకోలేడు. శంకర్ గుహా నియోగి 1991 సెప్టెంబరు 28న హత్యకు గురైన పారిశ్రామిక ప్రాంతమిది. యూనియన్ గురించి ఎవరేం చెప్పారో పేర్లతో సహా రాయడం పాండిత్యం అనిపించుకోదు. కాబట్టి పేరు దాచడం కొందరికి రక్ష, కొందరికి కొల్లగొట్టడం. ఏది ఏదో తేల్చేందుకు దారి ఒక్కటే: ఆ మనిషిని అడగడం. థీసిస్ సమర్పించే ముందు ఎంతమంది అడుగుతున్నారు?

భిలాయ్‌కు ఇప్పుడిది నేరుగా తగిలే ప్రశ్న. ఒకప్పుడు లండన్ నుంచి వచ్చి రాశారు. ఇప్పుడు ఊళ్లోనే రాసేవాళ్లు తయారవుతున్నారు. స్వామి వివేకానంద సాంకేతిక విశ్వవిద్యాలయం 2005 నుంచి ఇక్కడే ఉంది. 2016లో మొదలైన ఐఐటీ భిలాయ్‌కు దుర్గ్ సమీపంలోని కుటేలాభాటాలో శాశ్వత ప్రాంగణం 2024 ఫిబ్రవరిలో ప్రారంభమైంది. ఉత్తరాంధ్ర నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చి ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాల మీద పరిశోధన చేయాలని వాటిలో ఏ విద్యార్థికైనా అనిపించవచ్చు. అనిపించాలి కూడా. విజయనగరం, రాయగడ మీదుగా రాయ్‌పూర్ చేరే రైలుమార్గం 1931లో పూర్తయింది. 2024 సెప్టెంబరు నుంచి అదే దారిలో దుర్గ్–విశాఖ వందే భారత్ నడుస్తోంది. ఆ పట్టాల మీద ఎవరెవరు వచ్చారో చెప్పగలిగిన వృద్ధులు ఏటికేడూ తగ్గిపోతున్నారు.

ఆ విద్యార్థికి తెలుగు రాదనుకుందాం. బస్తీలో పదో తరగతి చదివిన ఒక అమ్మాయి వెంట వెళ్తుంది. ‘అవ్వా, ఈళ్లు మనోళ్లే, సెప్పు’ అని ముసలామె చేత మాట్లాడిస్తుంది. ఏ ప్రశ్న అడగకూడదో విద్యార్థికి ముందే చెబుతుంది. శ్రీకాకుళం యాసలో వచ్చిన జవాబును హిందీలోకి మారుస్తుంది. ఆ హిందీ ఇంగ్లిషై థీసిస్‌లో నాలుగో అధ్యాయమవుతుంది.

పరిశోధనలో ఎవరు ఏ పని చేశారో తేల్చి చెప్పడానికి ఇప్పుడు అంతర్జాతీయ పత్రికలు ‘క్రెడిట్’ అనే పట్టికను వాడుతున్నాయి. 2014లో వచ్చింది, 2022లో అమెరికాలో ప్రమాణంగా ఆమోదం పొందింది. ఆలోచన చేసినవారు, డబ్బు తెచ్చినవారు, సాఫ్ట్‌వేర్ రాసినవారు, పర్యవేక్షించినవారు, బొమ్మలు గీసినవారు... మొత్తం 14 పాత్రలకు అందులో గడులున్నాయి. దుబాసీకి లేదు.