నజరే సానీ – రెండవ చూపు

నేటి విద్యార్థి లోకంలో ప్రోగ్రాములు వ్రాయగలవారికి కొరత లేదు. ఒకరు వ్రాసిన దానిని నిదానంగా చదివి, తప్పొప్పులు తేల్చి, "ఇది సరియైనది" అని తన పేరు పెట్టగలవారికే కొరత ఉన్నది. మన పాఠ్యప్రణాళికలో వ్రాతకు మార్కులు కలవు, చదువుటకు లేవు. ఇది సవరించవలసిన లోపమని మేము భావిస్తున్నాము. ఇందుకు కంప్యూటరు శాస్త్రంలోని ఒక క్లిష్టమైన విషయాన్నే ఉదాహరణగా తీసుకొనుచున్నాము. అది, ఒక వర్చువల్ యంత్రంలో మరొక వర్చువల్ యంత్రం నడిచేటప్పుడు వాటి జ్ఞాపకశక్తిని పంచిపెట్టే కెర్నెల్ కోడు.

కంప్యూటరు తన జ్ఞాపకశక్తిని పేజీలుగా విభజించుకొంటుంది. ఈ పద్ధతి 1962లో మాంచెస్టరు విశ్వవిద్యాలయపు అట్లాస్ యంత్రంతో వెలుగు చూచినది. ప్రోగ్రాము అడిగే చిరునామా వేరు, నిజంగా సమాచారం ఉన్న చోటు వేరు. ఈ రెండింటినీ కలిపేది పేజీ పట్టిక. నేటి సాధారణ యంత్రాలలో ఒక్కొక్క పేజీ 4 కిలోబైట్లు. పట్టిక నాలుగు అంచెలు.

ఒక యంత్రం లోపల మరొక యంత్రమున్నట్లు భ్రమింపజేసేది వర్చువల్ యంత్రం. ఐ.బి.ఎం. సంస్థ 1972లోనే వి.ఎం./370 పేరుతో దీనిని విపణిలోకి తెచ్చినది. లినక్స్ కెర్నెల్‌లో ఈ పనిని నిర్వహించే కె.వి.ఎం. అనే భాగం 2007లో విడుదలైన 2.6.20 సంచికతో చేరినది. అతిథి యంత్రానికి తన పట్టిక ఒకటి ఉండగా, ఆతిథ్యమిచ్చే యంత్రానికి వేరొక పట్టిక ఉంటుంది. అతిథి పట్టికలోని నాలుగు అంచెలలో ప్రతి అంచెను చేరుటకు ఆతిథేయి పట్టికలో నాలుగు అంచెలు దిగవలసియున్నది. ఆ పిమ్మట అతిథి పట్టికలోని ఆ అంచెను చదవవలెను. అనగా నాలుగు అయిదులు ఇరువది. చివరి చిరునామాకు మరి నాలుగు. వెరసి ఒక్క మాట చదువుటకు గరిష్ఠంగా 24 పర్యాయాలు జ్ఞాపకశక్తిని తట్టవలసివస్తుంది.

ఇక అతిథి తన ఇంట మరొక అతిథికి బస ఇచ్చినచో చిరునామాను మూడుసార్లు అనువదించవలెను. ప్రాసెసరు ఎరిగినవి రెండు అనువాదాలే. కనుక అడుగున ఉన్న కెర్నెల్, నడిమి అతిథి వ్రాసిన పట్టికను తన పట్టికతో కలిపి, రెండింటికి బదులు ఒకే సంకలిత పట్టికను సిద్ధం చేస్తుంది. 2010లో ఐ.బి.ఎం. హైఫా పరిశోధకులు ప్రకటించిన టర్టిల్స్ ప్రయోగం ఈ మార్గాన్ని చూపినది. లోపలి యంత్రం నడక, ఒకే అంతస్తు యంత్రపు నడకకన్న అనేక సాధారణ పనులలో 6 నుండి 8 శాతం మాత్రమే వెనుకబడినదని వారు చూపించిరి. కూర్మంపై కూర్మం నిలిచినదన్న భావంతో ఆ పేరు పెట్టినారు. మన పురాణ కూర్మం మందరగిరిని ఒంటరిగా మోసినది. ఇక్కడ మాత్రం క్రింది కూర్మం కదిలితే పై వారందరూ కదులుతారు.

ఇక్కడనే ప్రమాదమున్నది. నడిమి అతిథి తన పట్టికలో ఒక వరుసను కొట్టివేసినప్పుడు, సంకలిత పట్టికలోని పాత వరుసను కూడ వెంటనే తొలగించవలెను. ప్రాసెసరు తన వద్ద దాచుకొన్న నకలును సైతం చెరిపివేయవలెను. లేనిచో ఒకరి నుండి తీసికొని ఇంకొకరికి ఇచ్చిన పేజీని పాత యజమాని ఇంకను చదువుచునే యుండును.

ఈ సంగతి మన ప్రాంతంవారికి సులభంగా బోధపడగలదు. భద్రాచలం, నూగూరు తాలూకాలు 1959 వరకు తూర్పు గోదావరి జిల్లాలో ఉండి, పిదప ఖమ్మం జిల్లాలో చేరినవి. నిజాం ఇలాకాలో ఉర్దూ దఫ్తరము, గోదావరి అవతల మద్రాసు ప్రభుత్వపు దఫ్తరము నడిచిన సరిహద్దు ఇది. 2014లో చింతూరు, కూనవరం, వరరామచంద్రాపురం మున్నగు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో విలీనమైనవి. భద్రాచలం పట్టణం తెలంగాణలోనే నిలిచినది. 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడినది. ఊరు ఉన్నచోటనే ఉన్నది. ఊరి చిరునామా మాత్రం మారినది. చిరునామా మారిన పిమ్మట పాత దఫ్తరంలో మిగిలిపోయిన ఒక్క కాగితం ఎంతటి చిక్కు తెచ్చిపెట్టగలదో అడవి అంచున సేద్యం చేసే కుటుంబాలకు ఒకరు చెప్పవలసిన పని లేదు. పాత వరుసను చెరుపుట కొత్త వరుసను వ్రాయుటంత ముఖ్యమైన పని.

సమీక్షకునికి ఈ ఒక్క ప్రశ్నయే చాలదు. 2021లో బయటపడిన ఒక దోషాన్ని గమనించండి. గూగుల్ ప్రాజెక్ట్ జీరోకు చెందిన ఫెలిక్స్ విల్‌హెల్మ్ దీనిని కనుగొన్నారు, సి.వి.ఇ.-2021-29657 అను సంఖ్యతో ఇది నమోదైనది. ఎ.ఎం.డి. ప్రాసెసర్లపై, లోపలి యంత్రాన్ని నడుపుటకు నడిమి అతిథి ఒక ఆదేశపత్రాన్ని తన జ్ఞాపకశక్తిలో ఉంచుతుంది. కెర్నెల్ ఆ పత్రాన్ని అక్కడనే తనిఖీ చేసి, తరువాత దానిని మరల చదివి తన వద్దకు నకలు తీసికొన్నది. తనిఖీకి, నకలుకు నడుమ క్షణకాలం చాలును. అతిథికి చెందిన మరొక ప్రాసెసరు ఆ పత్రాన్ని మార్చివేయగలదు. ఆ సందు నుండి అతిథి తన గది దాటి ఆతిథేయి యంత్రాన్నే వశపరచుకొనగలదని విల్‌హెల్మ్ నిరూపించినారు.

తునికాకు కల్లంలో జరిగే పనితో దీనిని పోల్చి చూడవచ్చును. కట్టలను చూచి "సరే" అన్న పిమ్మట, లెక్క పుస్తకంలో ఎక్కించుటకు ముందు ఎవరో కట్టలు మార్చివేసినచో ఆ తనిఖీకి విలువ ఏమున్నది? చేసిన సవరణ కూడ అంత సరళమైనదే: ముందు నకలు తీసికొనుము, తరువాత ఆ నకలునే తనిఖీ చేయుము. తనిఖీ ఉన్నది, నకలూ ఉన్నది; వాటి వరుస తప్పినది. విడివిడిగా చూచినచో ప్రతి పంక్తియు నిర్దోషమే. "ఈ రెండు పంక్తుల నడుమ ఇంకెవరు దీనిని మార్చగలరు?" అని ప్రశ్నించుకొన్న చదువరికే ఆ దోషం కనిపించినది.

యంత్రమే యంత్రాన్ని పరీక్షించును గదా, మనుష్యుడు చదువుటయెందుకు అని కొందరు అడుగవచ్చును. కె.వి.ఎం.కు పరీక్షా ప్రోగ్రాములు ఉన్నవి. దోషాలను వెదకు స్వయంచాలక సాధనాలును ఉన్నవి. వాటిని మేము తక్కువ చేయుటలేదు. కాని పరీక్ష తనను అడిగిన ప్రశ్నకే సమాధానమిచ్చును. అడుగవలసిన ప్రశ్న ఏదో తెలిసికొనుట చదువరి పని. అందువలననే లినక్స్ కెర్నెల్‌లో సమీక్షించినవారి పేరు కూడ ఆ మార్పుతోపాటు చరిత్రలో శాశ్వతంగా నిలుస్తుంది. అది అలంకారం కాదు, బాధ్యత.

ఈ సంప్రదాయం మనకు కొత్తది కాదు. రంజాను మాసపు తరావీహ్ నమాజులో హాఫిజ్ ఖురాన్ పఠించుచుండగా, వెనుక నిలిచిన మరొక హాఫిజ్ చెవియొగ్గి వింటూ, తడబడినచోట సరియైన మాట అందిస్తాడు. ఆయన పఠించినవానికి విరోధి కాడు, గ్రంథానికి కావలి. 1917లో హైదరాబాదులో నెలకొన్న దారుల్ తర్జుమా, ఉస్మానియా విశ్వవిద్యాలయం కొరకు శాస్త్రగ్రంథాలను ఉర్దూలోకి తెచ్చినది. పారిభాషిక పదాలను పండితులు కూర్చుండి చర్చించి నిర్ణయించినారు. ఇతరుల వ్రాతను మరొకమారు చూచుటకు ఉర్దూలో నజరే సానీ అను చక్కని మాట ఉన్నది. తప్పు చూపించుట అవమానించుట కాదన్న సంస్కారం ఆ మాటలోనే ఇమిడియున్నది.

అడవి అంచు కళాశాలకు ఈ చదువెందుకన్న సందేహానికి కూడ సమాధానం చెప్పవలసియున్నది. కెర్నెల్ కోడు ఏ ఒక్కరి సొత్తూ కాదు, ఎవరైనను చదువవచ్చును. ఇంటెల్ ప్రాసెసర్లపై ఈ లోపలి యంత్రాల వసతి 2018 డిసెంబరులో వెలువడిన 4.20 సంచిక నుండి మనము కోరకయే లభించుచున్నది. వర్చువల్ యంత్రాలను నడుపగల ప్రాసెసరు ఉన్నచో ప్రయోగశాలలోని సాధారణ కంప్యూటరుపైననే ప్రయత్నించవచ్చును. ఈ ప్రాసెసర్లను తయారుచేయించే ఎ.ఎం.డి., ఇంటెల్ సంస్థలు రెండింటికిని హైదరాబాదులో కేంద్రాలున్నవి. దూరం ఉన్నది గాని అందరానిది కాదు. మన విద్యార్థికి ఆంగ్లం అడ్డమని అందురు. కోడులోని మాటలు కొన్నియే. వాటి వెనుకనున్న తర్కాన్ని తెలుగులోనో, ఉర్దూలోనో చర్చించుకొన్నవానికి ఆ నాలుగు మాటలు ఆంగ్లంలో వ్రాయుట కష్టం కాదు.

కనుక కళాశాల సంఘంవారికి మా మనవి ఈ అంశాలు. వారానికి ఒక గంటను నజరే సానీ తరగతిగా కేటాయించవలెను. ఆ గంటలో ఒకే ఒక చిన్న మార్పును అందరూ కలిసి చదువవలెను. చర్చ తెలుగు, ఉర్దూలలో సాగవలెను. ప్రయోగ పరీక్ష మార్కులలో కొంత భాగం తోటివాని ప్రోగ్రాములో దోషం కనుగొన్నందుకు, కనుగొన్నదానిని మర్యాదగా తెలిపినందుకు ఇవ్వవలెను. ఇందుకు కొత్త భవనం అక్కరలేదు, కొత్త యంత్రాలు అక్కరలేదు. ఒక నల్లబల్ల, ఒక గంట, ఓపిక గల ఒక ఉపాధ్యాయుడు చాలును.

విద్యార్థి సోదరీ సోదరులకు మేము చెప్పునది ఒక్కటే. బ్యాంకు లెక్కలు, ఆసుపత్రి పత్రాలు, పరీక్షా ఫలితాలు నేడు అద్దె యంత్రాలలో పక్కపక్కనే నివసించుచున్నవి. వాటి నడుమ గోడ ఇటుకలతో కట్టినది కాదు. పేజీ పట్టికలోని వరుసలతో కట్టినది. ఆ వరుసలను చదువగల కండ్లలో మన కళాశాలవి కూడ కొన్ని ఉండవలెనని మా ఆకాంక్ష.