మూలాన్ని అందరి ముందు పరిచిన మనిషి

బుడాపెస్ట్ పార్లమెంటు భవనంలో హంగరీ పవిత్ర కిరీటం ఉంది. దాని నెత్తిన శిలువ ఒక పక్కకు ఒరిగి ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో అమెరికన్ల చేతికి వచ్చి, ఏళ్ల తరబడి అమెరికాలోని ఫోర్ట్ నాక్స్‌లో భద్రంగా ఉండి, 1978 జనవరిలో సొంతగడ్డకు చేరింది. వెయ్యో సంవత్సరం ప్రాంతంలో తొలి రాజు స్టీఫెన్ ధరించింది ఇదేనని హంగేరియన్లు తరతరాలుగా నమ్ముతూ వచ్చారు. అయితే కింది వలయంలోని ఎనామిల్ ఫలకాల మీద బైజాంటియం చక్రవర్తి ఏడో మైకేల్, హంగరీ రాజు మొదటి గేజా కనిపిస్తారు. ఆ ఇద్దరూ ఏలింది 1070లలో. స్టీఫెన్ 1038లోనే కన్నుమూశాడు.

ఇలాంటి చోటే చరిత్రకారుడికి పరీక్ష. జనం గుండెల్లో పెట్టుకున్నదాన్ని చులకన చేయకూడదు, కళ్లెదుట ఉన్న ఆధారాన్ని కప్పిపుచ్చకూడదు. ఈ రెండు నియమాలనూ చివరిదాకా పాటించిన మధ్యయుగ చరిత్రకారుడు యానోష్ బాక్. 2020 జూన్‌లో, తొంభై ఒక్క ఏళ్ల వయసులో కన్నుమూశారు. మన పాఠకుల్లో ఆయన పేరు విన్నవారు తక్కువే కావచ్చు. ఆయన బతికిన తీరు, పనిచేసిన తీరు తెలుసుకోదగినవి.

బాక్ 1929లో బుడాపెస్ట్‌లో ఒక యూదు కుటుంబంలో పుట్టారు. 1944 మార్చిలో జర్మన్ సైన్యం హంగరీలో అడుగుపెట్టేనాటికి ఆయనకు ఇంకా పదిహేనేళ్లు నిండలేదు. ఆ మే నుంచి జులై వరకు, కొద్ది వారాల్లోనే, నాలుగు లక్షలకు పైగా హంగరీ యూదులను రైళ్లలో కుక్కి తరలించారు. వారిలో అత్యధికుల గమ్యం ఆష్విట్జ్. బాక్ ప్రాణాలతో మిగిలారు. 1956 విప్లవాన్ని సోవియట్ ట్యాంకులు నలిపేశాక దేశం విడిచి, జర్మనీలోని గోటింగెన్ చేరారు.

అక్కడ ఆయనకు గురువు పెర్సీ ఎర్నెస్ట్ ష్రామ్. కిరీటాలు, రాజదండాలు, సింహాసనాలు, పట్టాభిషేక విధులు ఒక రాజ్యం తన గురించి తాను ఏం చెప్పుకుంటోందో చూపిస్తాయని, వాటినీ పత్రాలంత శ్రద్ధగా చదవాలని నేర్పిన పండితుడు. అదే ష్రామ్ యుద్ధకాలంలో జర్మన్ సర్వసైన్య ప్రధాన కార్యాలయపు అధికారిక యుద్ధ దినచర్య రాసిన మనిషి కూడా. ఆ సైన్యం నీడలో చావు తప్పించుకున్న కుర్రవాడు, పెద్దయ్యాక ఆయన దగ్గరే డాక్టరేట్ చేశాడు. ఈ గురుశిష్యుల సంగతి తెలిసినప్పుడు మనసు కాసేపు ముందుకు కదలదు. దీనికి క్షమ అనో, మరుపు అనో పేరు పెట్టే హక్కు మనకు లేదు. గురువు పద్ధతిలోని విలువను బాక్ గ్రహించారు. 1973లో ఆ పద్ధతిని తూచి చూస్తూ ఒక విపుల వ్యాసమూ ప్రచురించారు. ఒక మనిషి నుంచి నేర్చుకోవడం, ఆ మనిషిని పరిశీలనకు నిలబెట్టడం రెండూ ఒకచోట ఇమిడాయి. అది సామాన్యమైన నిగ్రహం కాదు.

ఆ తర్వాత రెండు దశాబ్దాలకు పైగా కెనడాలోని వాంకూవర్‌లో, బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పారు. రాజుల పట్టాభిషేకాల మీద 1990లో వ్యాససంపుటి తెచ్చిన ఆయనే, అంతకుముందు 1976లో జర్మన్ రైతుల 1525 తిరుగుబాటు మీద మరో సంపుటికి సంపాదకత్వం వహించారు. కిరీటాన్ని చదివినవాడికి దాని బరువు ఎవరి మీద పడిందో కూడా తెలియాలి కదా. హంగరీలోనే 1514లో రైతుల తిరుగుబాటు నాయకుడు డోజాను పట్టుకుని, కాల్చిన ఇనుప సింహాసనం మీద కూర్చోబెట్టి, కాల్చిన ఇనుప కిరీటం తలకు తొడిగి చంపారు. ఆ ఏడాదే రైతులకు ఊరు వదిలి మరోచోటికి వెళ్లే హక్కును తీసివేశారు. ఆ ఏడాదే వెర్బోట్సి అనే న్యాయవేత్త, ప్రభువర్గీయులంతా సమాన స్వేచ్ఛ గలవారనీ, పవిత్ర కిరీటానికి అవయవాలనీ చెప్పే ఆచార న్యాయ గ్రంథాన్ని సభ ముందు పెట్టాడు. రాజముద్ర పడకపోయినా, 1517లో వియన్నాలో అచ్చయిన ఆ పుస్తకం 1848 దాకా హంగరీ న్యాయస్థానాలను నడిపించింది.

బాక్ అసలు పని ఈ చట్టాలతోనే. స్టీఫెన్ కాలం నుంచి మధ్యయుగం ముగిసేదాకా హంగరీ రాజులు వెలువరించిన శాసనాలన్నీ లాటిన్‌లో ఉన్నాయి. ఆ దేశంలో 1844 దాకా అధికార భాష లాటినే. వాటిని పరిష్కరించి, ఇంగ్లీషు అనువాదంతో పక్కపక్కనే అచ్చువేసే పనిని సహచరులతో కలిసి తలకెత్తుకున్నారు. తొలి సంపుటి 1989లో వచ్చింది. మార్టిన్ రేడీ, పేటర్ బాన్యోలతో కలిసి వెర్బోట్సి గ్రంథాన్ని 2005లో తెచ్చారు.

ఇది గుమాస్తా పని అనుకునేవారుంటారు. కాదు. కాల్మాన్ రాజు (1095–1116) సంగతి చూడండి. లేని మంత్రగత్తెల మీద విచారణ వద్దన్నాడని ఆయనను కాలానికి ముందు పుట్టిన హేతువాదిగా కీర్తించడం పరిపాటి. చట్టం మొత్తం చదివితే, మరికొన్ని అధికరణాల తర్వాత చేతబడి చేసేవారిని విచారించమన్న ఆదేశమూ ఉంది. రెండో ఆండ్రూ 1222లో ఇచ్చిన బంగారు ముద్ర శాసనమూ అంతే. రాజు మాట తప్పితే ఎదిరించే హక్కు ఇచ్చిందని దానికి గొప్ప పేరు. ఆ హక్కు మతాధికారులకు, ప్రభువులకు. పొలం దున్నేవాడికి కాదు. అప్పట్లో రాయించిన ఏడు ప్రతుల్లో ఒక్కటీ మిగల్లేదు, తర్వాతి నకళ్లే ఆధారం. పూర్తి పాఠం చేతిలో లేనప్పుడు ఎవరికి కావలసిన ముక్క వారు కోసుకుపోతారు. గొప్పలు చెప్పుకోవడానికైనా, తిట్టిపోయడానికైనా.

1993లో బాక్ సొంత ఊరికి తిరిగి వచ్చి, గాబోర్ క్లానిట్సాయ్‌తో కలిసి సెంట్రల్ యూరోపియన్ విశ్వవిద్యాలయంలో మధ్యయుగ అధ్యయన విభాగాన్ని స్థాపించారు. పాత హంగరీ రాజ్యం ఇప్పుడు స్లొవేకియా, రొమేనియా, క్రొయేషియా వంటి దేశాల మధ్య విడిపోయి ఉంది. ఒక్కో దేశానికి ఒక్కో వీరగాథ, ఒక్కో ఫిర్యాదు. ఆ దేశాల విద్యార్థులు ఒకే బల్ల చుట్టూ కూర్చుని ఒకే లాటిన్ పాఠాన్ని చదివారు. హంగేరియన్లు ట్రాన్సిల్వేనియాకు వచ్చేసరికి అక్కడ ఎవరున్నారన్నది హంగేరియన్లకూ రొమేనియన్లకూ మధ్య పాత తగాదా. ఆ తగాదాకు కేంద్రమైన ఒక అజ్ఞాత రచయిత రాసిన చరిత్ర గ్రంథాన్నే బాక్, రేడీ, వెస్‌ప్రేమీ కలిసి 2010లో రెండు భాషల్లో ప్రచురించారు. తీర్పు చెప్పడం కన్నా, తీర్పు చెప్పదలచిన ప్రతివారి ముందూ సాక్ష్యాన్ని ఉంచడమే తమ పనిగా ఎంచుకున్నారు. ఈ రోజుల్లో చరిత్ర పేరిట కేకలు వినిపిస్తున్న ప్రతి దేశానికీ ఇలాంటివారు కావాలి.

2017లో హంగరీ ప్రభుత్వం తెచ్చిన ఉన్నత విద్యా చట్టం వల్ల, బాక్ పనిచేసిన ఆ విశ్వవిద్యాలయం 2019 నుంచి వియన్నాకు మారవలసి వచ్చింది. ఆ చట్టం ఐరోపా సమాఖ్య న్యాయానికి విరుద్ధమని ఐరోపా న్యాయస్థానం 2020 అక్టోబరులో తేల్చింది. బాక్ పోయి అప్పటికి దాదాపు నాలుగు నెలలు.

తొంభై ఏళ్ల వయసులో, 2019లో, ఆయన తన జీవితకాలపు శ్రమను, ఆ మధ్యయుగ చట్టాల సంపుటిని, యూటా స్టేట్ విశ్వవిద్యాలయం ద్వారా ఇంటర్నెట్‌లో ఎవరైనా రుసుము లేకుండా చదువుకునేలా పెట్టారు. న్యాయశాస్త్రం చదివే విద్యార్థులు, చరిత్ర మీద మక్కువ ఉన్నవారు ఒకసారి దాన్ని తెరవాలి. కాల్మాన్ చట్టాలతో మొదలుపెట్టండి.