పోడు జాబితాలో ఒకరి ఫోటో ఇంకొకరి పేరు పక్కకు పోవద్దు



పోడు భూముల దరఖాస్తులకు గూడెంలో వివరాలు రాసిపెట్టేది ఎక్కువగా చదువుకున్న మనమే. పేరు, హద్దులు, గట్టు ఫోటో అన్నీ ఎక్సెల్‌లో ఎక్కిస్తాం. మేమంటున్నది ఒక్కటే. ఆ ఫోటోలను చేత్తో అతికించడం ఇక ఆపేద్దాం. 200 ఫోటోల్లో 110వ దగ్గర ఒక్కటి జారిందంటే, కింద ఉన్నవాళ్లందరివీ తారుమారే. తిరగ్గొట్టడానికి సాకు వెతికేవాళ్లకు అది చాలు.

పైథాన్‌లో ఓపెన్‌పైఎక్సెల్, పిల్లో అనే ఉచిత లైబ్రరీలతో ఈ పని అయిపోతుంది. ఫోటో ఫైలుకు దరఖాస్తు నంబరే పేరుగా పెట్టాలి. కోడ్ ఒక్కో వరుసలో నంబరు చదివి, ఆ పేరున్న ఫోటోను తెచ్చి పక్కన పెడుతుంది. దొరక్కపోతే 'ఫోటో లేదు' అని రాసేలా చూడాలి. ఖాళీ గడి ఎవరి కంటా పడదు, ఆ మాట పడుతుంది.

కొన్ని జాగ్రత్తలున్నాయి. బొమ్మ గడి లోపల కూర్చోదు, పైన తేలుతుంది. అందుకే పేర్ల వరుస ముందే సరిచేసుకుని, చివర్లో ఫోటోలు పెట్టాలి. బొమ్మ ఎత్తు పిక్సెల్స్‌లో, వరుస ఎత్తు పాయింట్లలో ఉంటుంది. 120 పిక్సెల్స్ బొమ్మకు 90 పాయింట్ల వరుస కావాలి. కోడ్‌లో వెడల్పు, ఎత్తు తగ్గిస్తే కనిపించడమే చిన్నగా, ఫైలు బరువు తగ్గదు. ఒక్కోటి 4 ఎంబీ అనుకుంటే 200 ఫోటోలకు 800 ఎంబీ! పిల్లోతో ముందే చిన్నవి చేయాలి. అలా చేస్తే ఫోటోలో దాగి ఉన్న తేదీ, చోటు వివరాలు పోవచ్చు. అసలు ఫోటోలు వేరే ఫోల్డర్‌లో భద్రంగా ఉంచాలి.

"ఆపరేటర్‌కు డబ్బులిస్తే చేస్తాడు కదా" అంటారు కొందరు. చేస్తాడు. కానీ ఏ గట్టు ఎవరిదో ఆయనకు తెలియదు, మనకు తెలుసు.

ఫోటో ఒక్కటే పట్టా తెచ్చిపెట్టదు. అటవీ హక్కుల చట్టం కింద 13 డిసెంబర్ 2005 నాటికే భూమి మన సాగులో ఉండాలి. నిబంధనల ప్రకారం ఒకటికి మించిన ఆధారాలు చూడాలి. గట్లు, ఇళ్లు, బావుల ఆనవాళ్లతోపాటు పెద్దల వాంగ్మూలం కూడా ఆధారమే. ఉపగ్రహ చిత్రం లాంటి టెక్నాలజీ వాటికి తోడుగానే తప్ప, వాటి బదులుగా కాదని 2012 సవరణ చెప్పింది. మన కోడ్‌కూ అదే హద్దు.

కాబట్టి జాబితా తయారయ్యాక గ్రామసభలో పేరు పేరునా చదివి, ఫోటో చూపించి, "ఇది నీదేనా తాతా?" అని అడుగుదాం. ఆయన అవునన్నాకే సంతకం. గూడానికి ఇద్దరైనా ఈ పని నేర్చుకోండి. రానివాళ్లు కామెంట్‌లో అడగండి, కలిసి నేర్చుకుందాం.